వెనకాల వచ్చే బండి

మనాలీ నుంచి లేహ్ దాకా సుమారు 475 కిలోమీటర్లు. మధ్యలో అయిదు కనుమలు. సామాను మోయడానికి బండి, వండి పెట్టడానికి మనిషి, పడుకోవడానికి గుడారం... అన్నీ సిద్ధం. సైకిల్ తొక్కడం ఒక్కటే మన పని! కానీ, కొండెక్కేవాళ్లు ఏ బండిలోనూ వెయ్యలేని బరువు ఒకటి ఉంటుంది. దాన్ని దింపుకోవడానికి విశాఖపట్నం నుంచి వెళ్లిన ఓ నాన్నకి ఆరు రోజులు పట్టింది.

‘మీలో ఎవరైనా ఎప్పుడైనా ఆ బండి ఎక్కొచ్చు. ఎక్కినవాళ్లతో మాకే ఇబ్బందీ లేదు. ఎక్కాల్సినప్పుడు ఎక్కనివాళ్లతోనే ఇబ్బంది.’

2022 ఆగస్టు చివర్లో, మనాలీలో మొదటిరోజు పొద్దున్నే గైడు చెప్పిన మాట ఇది. చుట్టూ పన్నెండు మంది. చేతుల్లో టీ గ్లాసులు. హోటలు ముందు వరసగా పన్నెండు గేర్ల సైకిళ్లు. వాటి వెనకాల ఓ జీపు. దాని టాపు మీద సైకిళ్లు కట్టే స్టాండు, ఖాళీగా.

ఆ పన్నెండు మందిలో తండ్రీకూతుళ్లు ఇద్దరున్నారు. ఆయనకి యాభై అయిదేళ్లు. విశాఖలో ఉంటాడు. అమ్మాయికి ఇరవై ఆరు. హైదరాబాద్‌లో ఉద్యోగం. గైడు మాటకి అమ్మాయి తలూపింది. ఆయన మాత్రం లోలోపల నవ్వుకున్నాడు. ఆ స్టాండు మీదకి తన సైకిలు ఎక్కదని ఆయనకి గట్టి నమ్మకం.

నమ్మకానికి కారణం లేకపోలేదు. ఏడాదిగా ఆదివారాలు తెల్లవారకముందే లేచి ఎస్.కోట దాకా వెళ్లడం, అక్కణ్నుంచి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం ఆయనకి అలవాటైపోయింది. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర కాఫీ తాగి, ఎండెక్కకముందే దిగొచ్చేవాడు. బీచ్ రోడ్డులో రోజూ కలిసి నడిచే స్నేహితులు ‘ఈ వయసులో హిమాలయాలకి సైకిలేంటండీ, హాయిగా కారులో వెళ్లి రండి’ అన్నారు. ‘కారులో ఎవరైనా వెళ్తారు’ అన్నాడాయన. సరదాగా అన్న మాటే మెల్లగా పంతమైపోయింది. మనాలీలో పెడలు మీద పెట్టిన కాలు లేహ్‌లోనే దించాలి. ఒక్క కిలోమీటరు కూడా బండెక్కకూడదు. ఈ సంగతి కూతురికి కూడా చెప్పలేదు.

పన్నెండు మందికి ఏడుగురు

ఇలాంటి యాత్రల్ని సైకిల్ తొక్కేవాళ్లు ‘సపోర్టెడ్ టూర్’ అంటారు. వెనకాల మనుషులుంటారన్నమాట. ఈ పన్నెండు మంది వెనకాల ఏడుగురు ఉన్నారు. ఒక గైడు, ఒక మెకానిక్, నేపాల్ నుంచి వచ్చిన వంటాయన, ఇద్దరు సహాయకులు, ఇద్దరు డ్రైవర్లు. బళ్లు రెండు. గుడారాలూ, గ్యాసు పొయ్యిలూ, బియ్యం, కూరగాయలూ, పన్నెండు మంది బట్టల సంచులూ వేసుకుని పెద్ద బండి ముందు వెళ్లిపోతుంది. సైకిళ్లు చేరేసరికి గుడారాలు లేచి ఉంటాయి, టీ మరుగుతుంటుంది. జీపు మాత్రం అందరికన్నా చివర తొక్కే మనిషి వెనకాలే వస్తుంది. అతను ఆగితే అదీ ఆగుతుంది. అతను ఫొటో తీసుకుంటుంటే డ్రైవరు దిగి రాయి మీద కూర్చుంటాడు. ఆ మనిషిని దాటి ముందుకు పోవడం మాత్రం జరగదు. అందులోనే ఆక్సిజన్ సిలిండరూ, మందుల పెట్టే, విడి ట్యూబులూ, చెయిన్లూ, బ్రేకు ప్యాడ్లూ.

రోజంతా తొక్కినవాళ్లు రాత్రి ఎనిమిదింటికి నిద్రపోతారు. గిన్నెలు కడిగి, పొద్దుటి టిఫినుకి పప్పు నానబెట్టి, సైకిళ్ల బ్రేకులు సరిచేసి ఈ ఏడుగురూ పడుకునేసరికి పది దాటుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి మళ్లీ పొయ్యి వెలుగుతుంది. తొక్కినవాళ్ల పేరు మీద లేహ్ చేరే యాత్ర ఇది. మోసింది మాత్రం వీళ్లే.

వంటాయనకి అసలు సవాలు అన్నం. ఎత్తుకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. దాంతో నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. 4,300 మీటర్ల దగ్గర 86 డిగ్రీలకే! మామూలు గిన్నెలో ఎంతసేపు ఉడికించినా మెతుకు లోపల పలుకు మిగులుతుంది. అందుకే ప్రెషర్ కుక్కర్ లేనిదే అక్కడ అన్నం లేదు. విశాఖ నుంచి తీసుకెళ్లిన ఆవకాయ సీసా రెండోరోజుకే అందరిదీ అయిపోయింది. ఆయన మొదటి ముద్ద ఆవకాయతో కలుపుకుంటుంటే వంటాయన పక్కన నిలబడి నవ్వుతూ చూసేవాడు.

మూడు రోజుల సంబరం

మొదటి కనుమ రోహ్‌తాంగ్. మనాలీ ఎత్తు సుమారు 2,050 మీటర్లు. రోహ్‌తాంగ్ 3,978. దాదాపు 51 కిలోమీటర్ల ఎక్కుడు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక లేహ్ వెళ్లే వాహనాలు కొండ కిందనుంచే దూసుకుపోతున్నాయి. ఈ బృందం మాత్రం పాత రోడ్డునే ఎక్కింది. దారిలో మఢీ దగ్గర ఓ రాత్రి గుడారాల్లో పడుకుని, మర్నాడు పొద్దున్నే కనుమ దాటారు. ఇటు దేవదారు చెట్లూ, మబ్బులూ, తడీ. అటు దిగితే చెట్టూ చేమా లేని లాహౌల్ కొండలు. ఎవరో తెర మార్చినట్టు!

చంద్రా నది పక్కనే సాగి, సిస్సు దాటి, తాండికి చేరారు. చంద్రా, భాగా నదులు కలిసేది అక్కడే. ఆ రెండూ కలిసి ముందుకెళ్లి చీనాబ్ అవుతాయి. తాండి పెట్రోలు బంకు చాలాకాలం ప్రయాణికులకి ఓ మైలురాయి. ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్ల తర్వాతే’ అనే బోర్డుతో ఫొటో దిగనివాళ్లు అరుదు. మన నాన్నగారు కూడా దిగాడు. ‘మన బండికి పెట్రోలుతో పనిలేదు’ అన్నాడు తొడ చరుచుకుంటూ. మూడోరోజు సాయంత్రం భాగా నది ఒడ్డున జిస్పాలో అందరికన్నా ముందు దిగినవాళ్లలో ఆయనొకడు.

జిస్పా ఎత్తు 3,200 మీటర్లు. అక్కడ ఒకరోజు పూర్తిగా విశ్రాంతి. బాగానే ఉన్నాం కదా, ఎందుకు ఆగడం అని అడిగాడాయన. అప్పుడు గైడు లెక్క చెప్పాడు. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ పాలు అంతే, సుమారు 21 శాతం. తగ్గేది ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే పీల్చిన ప్రతిసారీ ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆక్సిజన్ తగ్గిపోతుంది. శరీరం దానికి సర్దుకుంటుంది కానీ, టైము తీసుకుంటుంది. కండబలానికీ దీనికీ సంబంధం లేదు. పాతికేళ్ల కుర్రాడైనా సరే, పరుగుల పోటీల్లో గెలిచినవాడైనా సరే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదని వైద్యులు చెబుతారు. ఈ రోడ్డు మీద గుడారం వేసుకునే చోట్లు ఆ లెక్క ప్రకారం దొరకవు. అందుకే విశ్రాంతి రోజు. అందుకే రోజూ పొద్దున్నా సాయంత్రం అదే ప్రశ్న. ‘తలనొప్పి ఉందా? వికారం ఉందా? నిద్ర పట్టిందా?’

‘వేలికి పెట్టే మిషను ఒక అంకె చెబుతుంది. కానీ మీరు చెప్పేదే నాకు ముఖ్యం’ అన్నాడు గైడు.

చిన్న అబద్ధం

అయిదోరోజు జింగ్‌జింగ్‌బార్. ఎత్తు 4,270 మీటర్లు. గాలికొండకి మూడు రెట్లకి పైమాటే. ఆ రాత్రి ఆయనకి తల వెనక నుంచి మొదలై కణతల దాకా నొప్పి. కళ్లు మూస్తే పెద్ద మోత. నిద్ర పట్టినట్టే పట్టి ఊపిరాడనట్టు మెలకువ వచ్చేస్తోంది. పక్క సంచిలో కూతురు పడుకుని ఉంది. చప్పుడు కాకుండా బ్యాగులో వెతికి మాత్రల షీటు తీశాడు. రేకు చిటపటలాడకుండా దుప్పటి లోపల పెట్టి మాత్ర తీసి మింగాడు.

పొద్దున్న గైడు అడిగాడు. ‘నిద్ర పట్టిందా?’

‘బ్రహ్మాండంగా’ అన్నాడాయన.

మాత్ర పనిచేసింది. తల కాస్త తేలికైంది. సూరజ్ తాల్ సరస్సు పక్కనుంచి నెమ్మదిగా ఎక్కి, మధ్యాహ్నానికి 4,890 మీటర్ల బారాలాచా లా మీద నిలబడ్డాడు. ‘లా’ అంటే కనుమ అని అక్కడి మాట. రంగురంగుల ప్రార్థన జెండాల కింద తండ్రీకూతుళ్లు ఫొటో దిగారు. ఆ ఫొటోలో అమ్మాయి కెమెరాకేసి చూస్తోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎండకేమో అనుకుంది అమ్మాయి.

సాయంత్రానికి సర్చు. హిమాచల్ ముగిసి లద్దాఖ్ మొదలయ్యే చోటు. విశాలమైన మైదానం, అటూ ఇటూ మట్టిరంగు కొండలు, ఈడ్చికొట్టే గాలి. ఎత్తు 4,290 మీటర్లు. చూడ్డానికి ఎంత అందమో, ఒంట్లో బాగోకపోతే అంత చిక్కు. కొండజబ్బుకి అసలు మందు కిందికి దిగడమే. సర్చు నుంచి దిగాలంటే ముందు ఎక్కాలి! వెనక్కి వెళ్తే బారాలాచా, ముందుకెళ్తే నకీ లా, లాచుంగ్ లా. జింగ్‌జింగ్‌బార్ నుంచైతే జిస్పాకి అంతా దిగుడే. ఆ ఒక్క కనుమ దాటడంతో లెక్క మొత్తం మారిపోయింది.

ఆ రాత్రి భోజనాల గుడారంలో ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఎవరూ గమనించలేదు, వంటాయన తప్ప. ఆవకాయ సీసా మూత తియ్యలేదు! వంటాయన వెళ్లి గైడుకి చెప్పాడు. గైడు వచ్చి అడిగాడు. ‘అలసట, అంతే’ అన్నాడాయన.

రాత్రి రెండింటికి వాంతి. బయటికి వెళ్లబోయి గుడారం తాడు తట్టుకుని పడ్డాడు. అమ్మాయి లేచి గైడుని పిలిచింది. గైడు బూటు మడమతో మట్టిలో ఒక గీత గీశాడు. టార్చి వెలుగులో దాని మీద నడవమన్నాడు. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకి తగిలేలా, అడుగులో అడుగు. చిన్నపిల్లల ఆటలా ఉంది. మూడో అడుగుకి ఆయన పక్కకి ఒరిగిపోయాడు. నాలుగో అడుగు పడలేదు. నడక తూలుతోందంటే వాపు మెదడు దాకా వెళ్తోందేమోనని అనుమానించాలి.

‘దిగాలి. ఇప్పుడే.’

‘తెల్లారాక...’ అన్నాడాయన.

‘తెల్లారేదాకా ఆగకూడదు.’

రాత్రి ప్రయాణం

డ్రైవరు లాహౌల్ మనిషి. జీపు సీట్లోనే పడుకున్నాడు. లేపిన అయిదు నిమిషాలకి ఇంజను చప్పుడు వినిపించింది. ఆయన ముక్కుకి ఆక్సిజన్ మాస్కు పెట్టి వెనక సీట్లో కూర్చోబెట్టారు. పక్కన అమ్మాయి. తోడుగా సహాయకుల్లో ఓ కుర్రాడు. టాపు మీద స్టాండు ఖాళీగానే ఉంది. సైకిలు కట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ‘నా సైకిలు ఆ స్టాండెక్కదు’ అనుకున్నాడుగా! ఎక్కలేదు. ఎక్కింది తను.

రోడ్డుకి అడ్డంగా పారే నాలాలు పగలు మంచు కరిగి పొంగుతాయి. రాత్రి చలికి తగ్గుతాయి. ఆ రాత్రికి అదొక్కటే అదృష్టం. చీకట్లో బారాలాచా ఎక్కారు. మధ్యాహ్నం ఫొటో దిగిన జెండాలు హెడ్‌లైట్ల వెలుగులో ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాయి. దర్చా చేరేసరికి తూర్పు తెల్లబడింది. ఆయన నోటినుంచి అప్పుడు వచ్చింది మొదటి మాట. ‘నొప్పి తగ్గుతోందమ్మా.’

అమ్మాయి అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. ‘ఎప్పట్నుంచి నాన్నా?’ అని అడిగింది. ఇక దాచడానికి ఏమీ లేదు. జింగ్‌జింగ్‌బార్, మాత్ర, రేకు చప్పుడు... అన్నీ చెప్పాడు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. కోప్పడలేదు. ‘అక్కడే చెప్పుంటే గంటన్నరలో జిస్పాలో దించేవాణ్ని సార్. తగ్గాక మళ్లీ మెల్లగా ఎక్కేవాళ్లు’ అన్నాడు, అంతే.

కేలాంగ్ ఎత్తు సుమారు 3,080 మీటర్లు. లాహౌల్-స్పితి జిల్లా కేంద్రం. అక్కడి ఆస్పత్రిలో చేర్చుకుని మందులిచ్చారు. మధ్యాహ్నానికి ఆయన లేచి కూర్చుని టీ అడిగాడు. ప్రమాదం తప్పిందన్నారు డాక్టరు. కానీ ఈసారికి మళ్లీ పైకి వెళ్లడానికి వీల్లేదు. కిందికి, ఇంటికి.

ఈలోగా డ్రైవరు జీపు అద్దాలు తుడుచుకుంటున్నాడు. రాత్రంతా నడిపాడు, ఇంకో గంట కునుకు తీసి మళ్లీ సర్చుకి బయల్దేరాలి. వెనక బండి లేకుండా సైకిళ్లు కదలవు. పదిమంది సైకిలు మనుషులూ, మిగతా సిబ్బందీ ఆ రోజంతా సర్చు గాలిలో ఎదురుచూస్తున్నారు. తన ఒక్క ‘బ్రహ్మాండంగా’ ఖరీదు ఎంతో ఆయనకి అప్పుడు లెక్క తెలిసింది.

‘నువ్వు వెళ్లు’ అన్నాడు కూతురితో.

‘నిన్ను వదిలి ఎలా వెళ్తాను నాన్నా?’

ఆయన మంచం దిగాడు. ఆస్పత్రి వరండాలో గచ్చు మీద రాళ్ల మధ్య గీత కనిపిస్తోంది. దాని మీద అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... పది. చివరి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చాడు. ఎక్కడా తూలలేదు. అమ్మాయి చూస్తూ నిలబడింది.

‘నా అబద్ధానికి నా ప్రయాణం పోయింది. సరే. నీది కూడా పోతే ఆ బరువు నేను మొయ్యలేనమ్మా’ అన్నాడు.

తోడొచ్చిన కుర్రాడు ఆయన్ని జాగ్రత్తగా మనాలీ దాకా దించి వస్తానన్నాడు. అమ్మాయి జీపెక్కింది.

ఇరవై ఒక్క మలుపులు

సర్చు దాటాక పాతిక కిలోమీటర్లకి గాటా లూప్స్. కొండ మీద పాములా చుట్టుకున్న 21 మలుపులు. అక్కడ రాళ్లతో కట్టిన చిన్న గుడిలాంటిది ఉంది. చుట్టూ వందల నీళ్ల సీసాలు. లారీవాళ్లు ఓ కథ చెబుతారు. చాలా ఏళ్ల కిందట రోడ్డు మూసేసే రోజుల్లో ఓ లారీ ఇక్కడ చెడిపోయిందట. సాయం తెస్తానని డ్రైవరు నడుచుకుంటూ వెళ్లాడట. సరుకుకి కాపలాగా క్లీనరు ఉండిపోయాడట. మంచు పడి దారి మూసుకుపోయింది. డ్రైవరు తిరిగొచ్చేసరికి క్లీనరు లేడు. ఆకలితో, దాహంతో పోయాడు. అందుకే దారినపోయేవాళ్లు అతనికి నీళ్లు పెడతారు.

అమ్మాయి తన సీసా ఒకటి అక్కడ పెట్టింది. లేచి కిందికి చూసింది. మూడు మలుపుల కింద బృందంలో చివరి మనిషి ఒగరుస్తూ ఎక్కుతున్నాడు. అతని వెనకాల, నడక వేగంతో, జీపు. దాని స్టాండు మీద నాన్న సైకిలు.

ఆ తర్వాత 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా, పాంగ్, దాని మీద దాదాపు 40 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న మోరే మైదానం. దారి పొడవునా ముఖాలకి గుడ్డలు చుట్టుకుని రోడ్డు పనివాళ్లు. ఎక్కడో ఝార్ఖండ్ నుంచీ, బిహార్ నుంచీ వచ్చి ఏటా ఆ రోడ్డుని మళ్లీ మళ్లీ వేసేది వాళ్లే. సైకిళ్లు కనిపిస్తే పార ఆపి చెయ్యూపుతారు. ఆ యాత్రకి వెనకాల ఉన్నవాళ్లు ఏడుగురే కాదని అమ్మాయికి అర్థమైంది.

చివరి కనుమ టాంగ్లాంగ్ లా. 5,328 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ సముద్రం ఒడ్డున అందేదాంట్లో దాదాపు సగమే. ఆ రాత్రి రుమ్‌త్సే గ్రామంలో మకాం. మర్నాడు ఉప్షీ దగ్గర సింధు నది కనిపించింది. థిక్సే మఠం దాటి, సాయంత్రానికి లేహ్.

విశాఖలో ఫోను మోగేసరికి ఆయన భోజనం చేస్తున్నాడు.

‘నాన్నా, లేహ్ వచ్చేశాం!’

‘మొత్తం తొక్కేశావా?’ అనేశాడాయన. అని, నాలిక కరుచుకున్నాడు.

‘లేదు నాన్నా. టాంగ్లాంగ్ లా ఇంకో ఆరు కిలోమీటర్లుందనగా తలనొప్పి మొదలైంది. చెయ్యెత్తాను. బండెక్కి కనుమ దాటి కిందికి దిగిపోయాను. సాయంత్రానికి తగ్గిపోయింది.’

ఇటునుంచి కాసేపు మాట లేదు.

‘మంచి పని చేశావమ్మా’ అన్నాడు.

ఆయన ఇప్పటికీ ఆదివారాలు అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాడు. కుర్రాళ్లు కూడా వస్తున్నారు. కొత్తగా సైకిలు కొన్నవాళ్లు, దమ్ము చాలక మలుపు మలుపుకీ ఆగేవాళ్లు. ఒకప్పుడైతే అందరికన్నా ముందు గాలికొండ చేరి వాచీ చూసుకునేవాడు. ఇప్పుడు పంపూ, ప్యాచీలూ సంచిలో వేసుకుని అందరికన్నా చివర తొక్కుతాడు. ముందున్న కుర్రాడు ఆగితే ఆయనా ఆగుతాడు. రాయి మీద కూర్చుంటాడు.

‘తొందరేం లేదు బాబూ. తలనొప్పేమైనా ఉందా?’ అని అడుగుతాడు.

అనంతగిరి ఎత్తుకి కొండజబ్బు రాదని ఆయనకి తెలుసు. అయినా అడుగుతాడు.